లింకన్ మాట, మేరీ నిర్ణయము

1863లో బానిస విమోచన ప్రకటన గావించి చరిత్రకెక్కిన అబ్రహాం లింకన్, అంతకు పాతికేండ్లు ముందు ఒక పెండ్లిమాటలో చిక్కుకొని మిగుల మథనపడెను. ఆ మాట నిలుపుకొనుటకు మనసు రాలేదు. తప్పుటకు మనస్సాక్షి అంగీకరింపలేదు.

ఇల్లినాయి రాష్ట్రమున న్యూసేలం అను చిన్న పల్లెలో లింకన్ పోస్టుమాస్టరుగా ఉన్న దినములలో ఎలిజబెత్ ఏబెల్ అను గృహిణి ఆయనను ఆదరించుచుండెను. ఆమె చెల్లెలు మేరీ ఓవెన్స్ 1833లో కెంటకీ నుండి చుట్టపుచూపుగా వచ్చి కొలది వారములుండి పోయెను. మేరీ సంపన్న కుటుంబమున పుట్టి చక్కగా చదువుకొన్న యువతి. 1836లో శ్రీమతి ఏబెల్ పుట్టినింటికి పోవుచు, లింకన్ పెండ్లాడుటకు ఒప్పుకొన్నచో చెల్లెలిని వెంటబెట్టుకొని వత్తునని చెప్పెను. ఆయన సరేననెను.

మేరీ వచ్చెను. కాని మూడేండ్లనాటి రూపమును మనసులో నిలుపుకొన్న లింకనుకు ఎదుట నిలిచిన మనిషి వేరుగా తోచెను. ఆమెకును ఆయన నడవడి రుచింపలేదు. ఒకనాడు పలువురు గుఱ్ఱములపై పోవుచుండగా దాటుటకు కష్టమైన వాగు ఎదురయ్యెను. తక్కిన పురుషులు తమ వెంటనున్న స్త్రీలకు తోడ్పడి దాటించిరి. లింకన్ మాత్రము వెనుకకైనను చూడక ముందుకు సాగెను. మేరీ ఎత్తిపొడువగా, తన్ను తాను కాచుకొనగల తెలివి ఆమెకు కలదని నవ్వుచు బదులు చెప్పెను.

ఇరువురిలో ఎవరికిని ఉత్సాహము లేదు. అయినను సంబంధము తెగలేదు. అక్క కోరిక ఒకవైపు, లోకమర్యాద ఒకవైపు నిలిచినవి. పెండ్లిమాట తప్పుట ఆనాటి అమెరికాలో న్యాయస్థానమునకు ఎక్కదగిన విషయము. అంతకుమించి, తన మాటను నమ్మి ఇతరులు ఒక పని చేసినప్పుడు దానిని నిలుపుకొనుట తన ధర్మమని లింకన్ భావించెను.

1837 ఏప్రిలులో న్యాయవాద వృత్తికై స్ప్రింగ్‌ఫీల్డు చేరిన లింకన్, మే 7వ తేదీన ఆమెకు జాబు వ్రాసెను. ఇతరులు బండ్లలో దర్జాగా తిరుగుచుండగా, పేదరికమును దాచుకొను దారియైనను లేక ఆమె బ్రతుకవలసివచ్చునని హెచ్చరించెను. ఆగస్టు 16వ తేదీ జాబులో, ఆమె కోరినచో విడిచిపెట్టుదుననియు, ఆమె సుఖమునకు అవసరమైనచో కట్టుబడుదుననియు తెలిపెను. నిర్ణయభారమంతయు ఆమెపై పడెను.

తుదకు లింకన్ ధైర్యము చేసి స్వయముగా అడిగెను. మేరీ నిరాకరించెను. అది సంకోచమని తలచి ఆయన మరల మరల అడిగినను ప్రత్యుత్తరము మారలేదు. కోరుకొన్న విడుదల లభించినను లింకన్ సంతోషింపలేకపోయెను. వేరెవ్వరును చేపట్టరని తాను తలచిన స్త్రీయే తన్ను కాదనుట ఆయన అభిమానమును గాయపరచెను. 1838 ఏప్రిలు 1వ తేదీన మిత్రుని భార్యయగు శ్రీమతి బ్రౌనింగుకు వ్రాసిన జాబులో తన అవివేకమును ఒప్పుకొని తన్ను తానే పరిహసించుకొనెను. మేరీ రూపమును ఎగతాళి చేసిన పంక్తులును ఆ జాబులో ఉన్నవి. అవి ఆయనకు శోభ తెచ్చునవి కావు.

మేరీ 1841లో జెస్సీ వినయార్డును పెండ్లాడి మిస్సోరిలో కాపురముండెను. లింకన్ 1842 నవంబరు 4వ తేదీన మేరీ టాడ్‌ను వివాహమాడెను. 1865లో లింకన్ హతుడైన పిమ్మట, ఆయన న్యాయవాద భాగస్వామి హెర్న్‌డన్ అడుగగా, మేరీ ఓవెన్స్ 1866లో తన కారణములను తెలిపెను. లింకన్ మంచి మనసును ఆమె శంకింపలేదు. స్త్రీకి సుఖము కూర్చు చిన్న చిన్న ఆదరణలు ఆయనకు అలవడలేదనియు, తమ ఇరువురి పెంపకములు వేరనియు మాత్రము చెప్పెను. మాట నిలుపుకొనుటకై లింకన్ తన జీవితమును ఒడ్డ సిద్ధపడెను. ఆ మాటకు తన జీవితమును కూడ ఒడ్డనక్కరలేదని గ్రహించి, ఇరువురిని విడిపించిన వివేకము మేరీది.