మాటల బడి బిడ్డ హాస్కెల్ కర్రీ

మాట స్పష్టంగా పలకడం నేర్పే దంపతులకు పుట్టిన బిడ్డ పేరు, అర్థం కాని సందేశాలకు పేరుపడ్డ ఒక కంప్యూటరు భాషకు దక్కడం విధి విలాసమే. ఆ బిడ్డ హాస్కెల్ బ్రూక్స్ కర్రీ. 1900 సెప్టెంబరు 12న అమెరికాలోని మిల్లిస్‌లో జన్మించారు. తల్లిదండ్రులు బోస్టన్‌లో వాచకకళా పాఠశాల నడిపేవారు.

వైద్యం చదవాలని 1916లో హార్వర్డ్‌లో చేరిన కర్రీ గణితానికి మళ్లారు. తాను కొత్తగా కనుగొన్నాననుకున్న తర్క మార్గాన్ని షాన్‌ఫింకెల్ 1924లోనే ప్రచురించారని 1927లో తెలిసింది. అయినా వదలక, జర్మనీలోని గొట్టింగెన్‌కు వెళ్లి ఆ విషయంలోనే పరిశోధన చేసి 1930లో డాక్టరేటు పొందారు. 1929 నుంచి 1966 వరకు పెన్సిల్వేనియాలో అధ్యాపకులు. యుద్ధం ముగిసిన వెంటనే తొలి తరం ఎలక్ట్రానిక్ కంప్యూటరు ఎనియాక్‌పైనా పనిచేశారు. 1982 సెప్టెంబరు 1న కన్నుమూశారు.

1988లో కొందరు పండితులు తమ కొత్త భాషకు హాస్కెల్ అని పేరు పెట్టదలచి, ఆయన భార్య వర్జీనియాకు లేఖ రాసి అనుమతి అడిగే పనిని ఇద్దరికి అప్పగించారు. ఆమె సంతోషంగా అంగీకరించారు. అయితే ఆ పేరంటే ఆయనకు ఎన్నడూ ఇష్టం లేదని చివరలో చెప్పారట!

సరిహద్దు పల్లెల నుంచి బెంగళూరు చేరిన మన పిల్లల్లో ఈ భాషతో కుస్తీ పట్టేవారూ ఉంటారు. అక్కడి చెల్లింపుల సంస్థ జస్‌పే దీన్ని వాడుతోంది. 2014లో అదే నగరంలో ఈ తరహా భాషలపై ఫంక్షనల్ కాన్ఫ్ జరిగింది.

ఇంతకీ చిక్కెక్కడ? ఒకరు ధాన్యాన్ని బస్తాల్లో, మరొకరు క్వింటాళ్లలో రాస్తే, తేడా బయటపడేది మొత్తం కూడే పుటలో. తప్పు రాసిన పుట ఎక్కడో వెనుక ఉంటుంది. ప్రోగ్రామును పరిశీలించే కంపైలరు కూడా కూడిక పుటనే చూపి ఫిర్యాదు చేస్తుంది. దీనికి కర్రీ పేరుతోనే ప్రసిద్ధమైన పద్ధతి ఒకటి తోడు. రెండు విలువలు కావలసిన ప్రమేయానికి ఒక్కటే ఇచ్చినా తప్పు కాదు. రెండోదాని కోసం అది వేచి ఉంటుంది. అందువల్ల మరచిన విలువ గురించి కాక, వేరొక వరుసలో రకాలు కలవలేదన్న ఫిర్యాదు వస్తుంది. కొత్తవారు తమకు తెలివి చాలదనుకొని వెనుదిరిగేది ఇక్కడే. లోపం వారిది కాదు.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు విద్యార్థులకు సులభ సందేశాలిచ్చే హీలియం అనే కంపైలరును 2003లో పరిచయం చేశారు. ప్రధాన కంపైలరు జీహెచ్‌సీ 2023 నుంచి ఒక్కో తప్పుకు ఒక్కో సంఖ్య ఇస్తోంది; ఆ సంఖ్యతో వెతికితే వివరణ, ఉదాహరణ దొరుకుతాయి. అన్ని సంఖ్యలకూ వివరణలు రాయడం మాత్రం ఒక్కరోజులో తేలే పని కాదు.