నవ్వించిన నరహంత

నరహంతను చూచి లోకము భయపడుట సహజము. అట్టివాని మాటలకు నవ్వుట, వాడు మరల తెరమీదికి ఎప్పుడు వచ్చునా అని ఎదురుచూచుట వింత. ఆ వింతను తెలుగుదేశమున సాధించిన మహానటుడు సామర్ల వెంకట రంగారావు.

ఆయన 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన నాటి కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించెను. కాకినాడలో చదువుకొనుచున్నప్పుడే ఔత్సాహిక నాటక సమాజములలో చేరి వేషములు కట్టెను. షేక్‌స్పియర్ సృష్టించిన షైలాకు వానిలో ఒకటి. బాకీకి బదులు మనిషి మాంసమును కోరిన ఆ వడ్డీ వ్యాపారి వేషము ఆయనకు దుష్టపాత్రలోని మానవుని వెదకుట నేర్పినదనవచ్చును.

పట్టభద్రుడైన పిమ్మట అగ్నిమాపక దళమున ఉద్యోగము చేసెను. 1946లో ‘వరూధిని’ చిత్రమున ప్రవరాఖ్యుడుగా తెరకెక్కెను. నిష్ఠాపరుడైన ఆ నాయకుని జనము ఆదరింపలేదు. నిరాశపడిన రంగారావు జంషెడ్‌పూరు వెళ్ళి టాటావారి కర్మాగారమున కొలువు కుదిరెను. తెలుగు తెర ఒక గొప్ప నటుని దాదాపు పోగొట్టుకొన్న ఘట్టమది. అదృష్టవశమున మరల పిలుపు వచ్చెను. 1950లో ‘షావుకారు’లో సున్నపు రంగడుగా ఆయన ప్రేక్షకుల దృష్టి నాకర్షించెను.

1951లో కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయావారి ‘పాతాళ భైరవి’ వెలువడెను. అందు ఆయన నేపాళ మాంత్రికుడు. సాహసవంతుడైన యువకుని బలి ఇచ్చినగాని భైరవి ప్రసన్నము కాదు. కనుక మాంత్రికుడు తోట రాముని ధైర్యమును మెచ్చుకొనును, ఆశ పెట్టును, వెన్ను తట్టును. ఆ మెప్పు అబద్ధము కాదు. ఆ ధైర్యమే వానికి కావలసిన బలిపశువు లక్షణము. ఈ రహస్యమందే ఆ పాత్రలోని హాస్యమును, భయమును ఇమిడియున్నవి. తుదకు రాముడే మాంత్రికుని బలి ఇచ్చును. శిష్యుడు సదాజపుడు గురువును బ్రతికించును. మరణము సైతము అచట నవ్వుల పాలయ్యెను.

ఇంచుమించు ఆ కాలముననే పాశ్చాత్యులును ఈ దారి త్రొక్కిరి. 1947లో చాప్లిన్ ‘మస్యూ వెర్డూ’లో ధనవతులగు స్త్రీలను వివాహమాడి చంపు మర్యాదస్తుడుగా నటించెను. 1949లో ఇంగ్లండున ‘కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్’ వచ్చెను. అందు ఒక సుకుమారుడు జమీందారీకై బంధువులను హతమార్చును. ఆ చిత్రములు నాగరికుని కపటమును చూపగా, మనవారు జానపద కథలోనే ఆ పని నెరవేర్చిరి.

తరువాత రంగారావు 1957లో ‘మాయాబజార్’ ఘటోత్కచుడుగా, 1963లో ‘నర్తనశాల’ కీచకుడుగా కీర్తి గడించెను. కీచక పాత్రకు 1964లో జకార్తా ఆఫ్రో–ఆసియా చిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా బహుమానము పొందెను. 1974 జూలై 18న, ఏబదియారవ యేట, మద్రాసులో కన్నుమూసెను.

సాధువైన ప్రవరునిగా ఓడిన నటుడు హంతకునిగా గెలిచెను. చెడుగు కోరలతోనే రాదనియు, చిరునవ్వుతో, పొగడ్తతో గూడ వచ్చుననియు ఆయన నటన ప్రతి తరమునకు చూపుచున్నది. పొగడువాని కోరిక ఏమో తెలిసికొనుట యువకులకు ఎన్నటికిని అవసరమే.