కోడూరు రాయికి పేరు పెట్టిన ఫెర్మర్

గరివిడి, చీపురుపల్లి ప్రాంతంలో మాంగనీసు గనుల గురించి తెలియని వారుండరు. పాత గోతులు, వాటి పక్కన పోసిన మట్టి దిబ్బలు, చేతికి మసిలా అంటుకునే నల్లరాయి అక్కడి వారికి చిన్ననాటి నుంచి పరిచయమే. అయితే ఆ గనులలో ఒకటైన కోడూరు పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథాలకు ఎక్కిందన్న సంగతి చాలామందికి తెలియదు. అక్కడి ఒక రాతిని శాస్త్రజ్ఞులు కోడూరైట్ అంటారు. ఆ పేరు పెట్టినవారు సర్ లూయిస్ లీ ఫెర్మర్.

ఫెర్మర్ 1880 సెప్టెంబర్ 18న లండన్‌లో జన్మించారు. అక్కడి రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో స్కాలర్‌షిప్ మీద చదువుకుని, 1902లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగానికి కలకత్తా వచ్చారు. దేశంలో మాంగనీసు ఎక్కడెక్కడ, ఎలా దొరుకుతున్నదో పరిశీలించే పని ఆయన చేపట్టారు.

అప్పటికి ఈ ప్రాంతంలో తవ్వకం మొదలై పదేళ్లయింది. దేశంలో మాంగనీసును వ్యాపారం కోసం మొట్టమొదట తవ్వింది ఇక్కడే. విజయనగరం మైనింగ్ కంపెనీ ఆధ్వర్యాన 1892లో 674 టన్నులతో ఆరంభమైన ఉత్పత్తి 1900 నాటికి 92 వేల టన్నులకు చేరింది. ఉక్కు తయారీకి మాంగనీసు తప్పనిసరి గనుక విదేశీ కర్మాగారాలు దానిని కొనేవి. ఆనాడు ఇదంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా. చీపురుపల్లి తాలూకా 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది.

ఇప్పుడు బంగారం వెతికేవారు నేలలోని లోహాన్ని పసిగట్టే యంత్రం పట్టుకుని కొండలు తిరుగుతున్నారు. ఫెర్మర్ తిరిగిన రోజుల్లో అలాంటివి లేవు. సుత్తి, భూతద్దం, దిక్సూచి, ఇవే సాధనాలు. చలికాలం రాగానే సర్వే అధికారులు కలకత్తా నుంచి బయలుదేరి, గుడారాలలో మకాం చేస్తూ ఊరూరా తిరిగేవారు. ఎండలు ముదిరాక తిరిగి వెళ్లి, తెచ్చిన రాతి ముక్కలను వెలుతురు దూరేటంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూసేవారు.

కోడూరు ఖనిజం ఒక చిక్కు సమస్య. బొగ్గులా పొరలుగా సాగదు. మెత్తని మట్టిలో ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఒకచోట దండిగా పడుతుంది, పక్కనే తవ్వితే ఏమీ ఉండదు. ఎక్కడ గొయ్యి తీయాలో తెలియక తీసిన శ్రమంతా వృథా అయ్యే పని అది. ఫెర్మర్ ఆ మట్టి మధ్య ఇంకా చెడని అసలు రాతిని గుర్తించారు. అందులో ముఖ్యంగా మూడు ఖనిజాలున్నాయి: ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గల గార్నెట్, ఎపటైట్. ఈ రాయి కాలక్రమాన కుళ్లి మట్టి కాగా, అందులోని మాంగనీసు విడివడి ముద్దకట్టిందని ఆయన తేల్చారు. ఖనిజం అలా తావుతావులుగా ఉండటానికి కారణం దీనితో బోధపడింది.

మూడో ఖనిజమైన ఎపటైట్‌లో భాస్వరం ఉంటుంది. భాస్వరం ఎక్కువైతే ఉక్కు పెళుసుబారుతుంది. బాలాఘాట్, నాగపూర్ ఖనిజంతో పోలిస్తే ఇక్కడి ఖనిజం మార్కెట్లో వెనుకబడటానికి ఈ భాస్వరం ఒక ముఖ్య కారణం. లోపం తవ్విన కూలీది కాదు, రాతిలోనే ఉంది.

ఈ పరిశీలనలన్నిటినీ ఫెర్మర్ 1909లో వెయ్యి పేజీలు మించిన గ్రంథంగా ప్రకటించారు. అందులోని కొత్త ఖనిజాలలో కొన్నింటికి తోటి అధికారుల పేర్లు పెట్టారు. గరివిడిలో కూడా దొరికిన ఒక ఖనిజం వ్రెడెన్‌బర్గ్ అనే అధికారి పేరు మీద వెలసింది. 1910లో మరొక ఖనిజానికి ఇతరులు ఫెర్మర్ పేరే పెట్టారు. గోతుల్లో దిగి తట్టలు మోసిన వారి పేర్లు మాత్రం ఏ రాతికీ రాలేదు.

ఫెర్మర్ చెప్పినదంతా నిలవలేదు. కోడూరైట్ భూగర్భం నుంచి కరిగి పైకి వచ్చి గట్టిపడిన రాయి అని ఆయన నమ్మకం. 1914లోనే విట్‌మన్ క్రాస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆయన వర్గీకరణను ప్రశ్నించారు. పురాతన కాలంలో నీటి అడుగున పేరుకున్న మాంగనీసు మట్టే వేడికి, ఒత్తిడికి మారి ఇలా అయిందని తరువాతి వారు పలువురు వాదించారు. వ్రెడెన్‌బర్గైట్ ఒకటి కాదు, రెండు ఖనిజాల కలయిక అని తేలింది. కోడూరు పేరు మాత్రం చెరగలేదు.

ఉద్యోగంలో ఆయన శాఖాధిపతి దాకా ఎదిగారు. 1934లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1935లో సర్ బిరుదు లభించాయి. ఇంటి విషయం వేరు. 1915లో లండన్‌లో పుట్టిన కొడుకు పాట్రిక్ పసితనమంతా ఇంగ్లండులో పరాయి కుటుంబం వద్ద గడిచింది. తరువాత భార్యాభర్తలు విడిపోయారు. తండ్రీకొడుకులు కలిసి గడిపిన రోజులు బహు తక్కువ. 1933 డిసెంబరులో, మాంగనీసు ఎగుమతి కూడా దృష్టిలో పెట్టుకుని కట్టిన విశాఖ హార్బరు ప్రారంభమైన నెలలోనే, పద్దెనిమిదేళ్ల పాట్రిక్ యూరపును కాలినడకన దాటడానికి బయలుదేరాడు. ఆ యాత్ర మీద రాసిన పుస్తకాలతో తండ్రి కంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు.

ఫెర్మర్ 1954లో ఇంగ్లండులో మరణించారు. మరుసటి సంవత్సరం ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ ఏర్పడింది. అంతకాలం ఓడలెక్కి పోయిన నల్లరాయిని కరిగించే కొలుములు ఆ తరువాత గరివిడిలోనే వెలిశాయి.