మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడు



సైన్స్ నోట్సులో పిల్లలు కణం బొమ్మ వేసి, కేంద్రకం చుట్టూ రెండు గీతలు గీస్తారు. అదే న్యూక్లియర్ మెంబ్రేన్. కణం రెండుగా విడిపోయేటప్పుడు అది చెదిరిపోయి, తర్వాత మళ్లీ ఏర్పడుతుంది. ఎలాగని మీ అమ్మాయో అబ్బాయో అడిగితే, మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథతో మొదలుపెట్టండి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు మీద మనసు నిలవక, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుని సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది.

1920ల్లో అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. 1929లో ఇద్దరూ కండరాల్లో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

ఇప్పుడు మెంబ్రేన్ దగ్గరకు వద్దాం. దాని రెండు పొరలూ ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులతో తయారవుతాయి. లోపలివైపు లామిన్ అనే ప్రోటీన్ వల ఉంటుంది. కణ విభజన సమయంలో ఎంజైములు ఏ.టి.పి. నుంచి ఫాస్ఫేటు తెచ్చి లామిన్‌కు తగిలిస్తాయి. ముడులు విప్పిన వలలా అది వదులై, మెంబ్రేన్ విడిపోతుంది. క్రోమోజోములు రెండు వైపులకూ చేరాక ఆ ఫాస్ఫేటు తొలగుతుంది, వల మళ్లీ అల్లుకుంటుంది, ఒక్కో గుంపు చుట్టూ కొత్త మెంబ్రేన్ మూసుకుంటుంది. ఈ సంగతి సుబ్బారావు గారు పోయిన చాలా ఏళ్లకు తేలింది. అయితే ఫాస్ఫేటును లెక్కగట్టే దారి వేసినవారిలో ఆయన ఒకరు.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వకపోవడంతో 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. కేంద్రకంలో డి.ఎన్.ఏ. తయారీకి అవసరమైన ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం ల్యాబ్‌లో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకి అది మందైంది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు నేటికీ వాడే మెథోట్రెక్సేట్, మన కోస్తాలో బోదకాలు నివారణకు పంచే డి.ఈ.సి. మాత్రల మందు కూడా ఆ ల్యాబ్ నుంచి వచ్చినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇందుకూరుపేటలో పంట మీదా, చెరువు మీదా వచ్చిన డబ్బుతో ఫీజు కట్టే మీకు మార్కులు తగ్గితే బాధ కలగడం సహజమే. ప్రోగ్రెస్ కార్డు చూసినప్పుడు వెంకమ్మ గారిని ఒకసారి తలచుకోండి. రాత్రి అన్నాల దగ్గర, మెంబ్రేన్ ఎందుకు విడిపోతుందో మీ పిల్లల చేతే చెప్పించుకోండి. తడబడినా చివరిదాకా వినండి.