ట్రూమన్: గార్డు నుంచి రిజర్వుకు

హ్యారీ ట్రూమన్‌ను అమెరికా అధ్యక్షుడిగానే చాలామంది ఎరుగుదురు. ఆయన్ను రాజకీయాల దాకా నడిపించింది మాత్రం పార్ట్‌టైమ్ సైనిక సేవ.

1905లో కాన్సస్ సిటీలో బ్యాంకు గుమస్తాగా ఉంటూ మిస్సోరి నేషనల్ గార్డు ఫిరంగి దళంలో చేరారు. చూపు తక్కువ కావడంతో కంటి పరీక్ష అక్షరాలను బట్టీపట్టి గట్టెక్కారని చెబుతారు. 1911లో బయటికొచ్చినా, 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక మళ్లీ చేరారు. ఫ్రాన్స్‌లో కెప్టెన్‌గా ఒక ఫిరంగి దళాన్ని నడిపారు.

1920లో శాఖ మారి ఆర్మీ రిజర్వులో మేజర్ అయ్యారు. శాంతికాలంలో నేషనల్ గార్డు రాష్ట్ర గవర్నర్ అదుపులో ఉంటుంది. రిజర్వు పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వానిది. బట్టల దుకాణం మూతపడినా వేసవి శిక్షణ శిబిరాలకు వెళ్తూనే ఉన్నారు. 1922లో తొలి ఎన్నికలో ఆయన వెంట నిలిచింది దళంలోని పాత మిత్రులే. 1932లో కల్నల్ అయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధం వేళ, 56 ఏళ్ల సెనేటర్‌గా, తనను విధుల్లోకి తీసుకోమని సైన్యాధిపతి మార్షల్‌ను అడిగారు. వయసు మీరిందని ఆయన ఒప్పుకోలేదు. ట్రూమన్ 1941లో సెనేట్ కమిటీకి నాయకత్వం వహించి రక్షణ ఖర్చుల్లో దుబారాను బయటపెట్టారు. ఆ పేరు 1944లో ఉపాధ్యక్ష అభ్యర్థిత్వానికి బాట వేసింది.

అధ్యక్షుడిగా మొత్తం సైన్యానికి అధిపతి అయ్యారు. 1953లో రిజర్వు నుంచి రిటైరయ్యేనాటికి ఆయన హోదా మాత్రం కల్నలే.