గగనేంద్రనాథ ఠాకూరు - ఘనవాదము

భారతీయ చిత్రకళలో క్యూబిజము, అనగా ఘనవాదము, ప్రసక్తికి వచ్చినప్పుడు మొదట స్మరింపదగిన పేరు గగనేంద్రనాథ ఠాకూరుది. ఈతడు 1867 సెప్టెంబరు 18వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో భవనమున జన్మించెను. తండ్రి గుణేంద్రనాథుడు రవీంద్రనాథునికి పినతండ్రి కుమారుడు. చిత్రకారుడు అవనీంద్రనాథుడు గగనేంద్రునికి తమ్ముడు. 1881లో తండ్రి మరణించెను. గగనేంద్రుడు కళాశాలలో పట్టము పొందినవాడు కాడు; ఇంటనే నీటిరంగుల చిత్రణము నేర్చెను. 1903లో కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారుడు యోకొయామా తైకాన్ మొదలగువారి కుంచెపని ఆతనిపై గాఢముగా ముద్ర వేసెను. 1907లో స్థాపితమైన ప్రాచ్యకళాసంఘమునకు సోదరులిరువురును ఆధారభూతులైరి. రవీంద్రుని జీవనస్మృతికి గగనేంద్రుడు రచించిన చిత్రములు 1912లో వెలువడెను. 1917 నుండి ప్రకటితములైన వ్యంగ్యచిత్రములలో వంగదేశపు బాబుల ఆంగ్లానుకరణమును, కులాచారముల కపటమును ఆతడు నిర్దాక్షిణ్యముగా పరిహసించెను.

1920 ప్రాంతమున ఆతని కళ కొత్త మలుపు తిరిగెను. పారిస్ నగరమున 1907 మొదలు పికాసో, బ్రాక్ అనువారు వస్తువును తలములుగా విడదీసి, అనేక దృక్కోణములను ఒక్క పటముపై కూర్చిరి. జర్మనీలోని అభివ్యక్తివాదులు బాహ్యరూప యాథార్థ్యమును విడిచి అంతరంగ వేదనకు రంగులతో రూపము నిచ్చిరి. మొదటిది రూపవిశ్లేషణము, రెండవది భావోద్రేకము. గగనేంద్రుని చిత్రములలో తలముల విభజన మొదటిదానిని, రహస్యమయమైన భావస్ఫూర్తి రెండవదానిని తలపించును. స్వర్ణపురి, ద్వారకాపురి, వంగ జానపదకథ ననుసరించిన సాత్ భాయి చంపా మున్నగు చిత్రములలో సోపానములు, స్తంభములు, ద్వారములు వెలుగునీడల పలకలుగా విరిగి స్వప్నలోకమును నిర్మించును. 1917లో జోడాసాంకోలో ప్రదర్శితమైన డాక్‌ఘర్ నాటకమునకు రంగాలంకరణము చేసిన అనుభవమును ఈ కట్టడములలో గుర్తింపవచ్చును.

1922 డిసెంబరులో ప్రాచ్యకళాసంఘము కలకత్తాలో నడపిన ప్రదర్శనమున వైమార్ నగరపు బౌహౌస్ కళాశాలకు చెందిన కాండిన్‌స్కీ, క్లే ప్రభృతుల రచనలతోపాటు గగనేంద్రుని ఘనవాద చిత్రములును ఉండెను. ఆ చిత్రములను గూర్చి స్టెల్లా క్రామ్రిష్ వ్యాసము రూపం పత్రికలో అదే సంవత్సరము అంతకుముందే వెలువడెను. కావున ఆ ప్రదర్శనమును చూచి ఆతడు ఘనవాదిగా మారెననుట పొసగదు.

ఈతని ఘనవాదము బలహీనమైన అనుకరణమని 1959లో డబ్ల్యు.జి. ఆర్చర్ నిర్ణయించెను. పారిస్ చిత్రకారులను కొలబద్దగా నిలిపి ఇతరదేశీయులను తూచు పద్ధతినే 2007లో పార్థ మిత్తర్ ఆక్షేపించెను. రెండవ వాదమే సమంజసముగా కనబడును. పికాసోకు తలవిభజన వస్తుతత్త్వమును పరీక్షించు సాధనము; గగనేంద్రునికి అది కాంతిని, కథను, రహస్యమును పలికించు సాధనము. ప్రయోజనము వేరైనప్పుడు కొలతయు వేరు కావలెను. సంస్కృతవృత్తములను గ్రహించినంతమాత్రమున తెలుగు కావ్యము అనుకరణము కానట్లే, ఎరువుతెచ్చిన రీతి కళాకారుని స్వత్వమును హరింపదు. ఆ రీతితో ఆతడేమి సాధించెనన్నదే విచారణీయము.

1930లో పక్షవాతము సోకుటతో ఆతని కుంచె ఆగిపోయెను. 1938 ఫిబ్రవరి 14వ తేదీన గగనేంద్రనాథుడు పరమపదించెను. ఘనవాదమునకు ఆతడు వెచ్చించిన కాలము పది సంవత్సరములకు మించలేదు. అయినను, ఐరోపా నవ్యరీతిని స్వీకరించుచు తన ఊహలోకమును కోల్పోకుండుట భారతీయునికి సాధ్యమని ఆ స్వల్పకాలముననే నిరూపితమయ్యెను.