కదిరి వెంకటరెడ్డిగారు: ఉత్తమ చిత్రమును గూర్చిన వాదము

కె. వి. రెడ్డిగారి చిత్రములలో ఏది ఉత్తమమైనదన్న వాదము తెలుగునాట ఇంతవరకు తెగలేదు. వారు దివంగతులై అర్ధశతాబ్దము దాటినది. వారి చిత్రములలో నటించిన మహానటులును గతించిరి. అయినను నలుగురు పెద్దలు ఒకచోట చేరినచో ఒకరు మాయాబజారు అందురు. ఒకరు పాతాళభైరవి అందురు. మూడవవారు తల యూపి, మీరిరువురును పెద్దమనుషులు చిత్రమును మరచితిరి అందురు. ఈ వాదమునకు మన కొండసీమయును దూరమైనది కాదు. అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతముల వారు ఘాటు మార్గమున పల్లమునకు దిగి శృంగవరపుకోటలోనో, విజయనగరములోనో, విశాఖపట్టణములోనో సినిమా చూడవలసిన కాలమొకటి ఉండెను. తరువాత దూరదర్శనము వచ్చి ఆ చిత్రములనే ఇంటిలోనికి తెచ్చినది. చూచిన చోటు వేరైనను వాదము మాత్రము ఒక్కటే. అట్టి వాదమునకు కారణమైన మహనీయుని జీవితమును తెలిసికొనుట గ్రంథాలయ పాఠకులకు ఉచితము. ఏలయన, ఆయన తీసిన ఉత్తమ చిత్రములలో పెక్కింటికి మూలము గ్రంథాలయపు బీరువాలోనే కలదు.

కదిరి వెంకటరెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. మద్రాసులో ఉన్నత విద్య నభ్యసించిరి. తాడిపత్రికే చెందిన మిత్రులు మూలా నారాయణస్వామిగారి స్నేహము వారిని చిత్ర పరిశ్రమకు చేర్చినది. అందు వారి తొలి కొలువు నటన కాదు, దర్శకత్వము కాదు. రోహిణీ సంస్థలో నగదు లెక్కలు చూచుట. తరువాత బి. ఎన్. రెడ్డిగారు 1939లో వందేమాతరము చిత్రముతో వాహినీ సంస్థను నడుపసాగినప్పుడు, వెంకటరెడ్డిగారు ఆ సంస్థలో నిర్మాణ వ్యవహారములు చూచుచుండిరి. ఎవరికెంత ఈయవలెను, ఏ వస్తువు ఎప్పుడు కావలెను, ఒక దినము వ్యర్థమైనచో ఎంత నష్టము కలుగును అను విషయములు వారికి అక్కడనే కరతలామలకములైనవి. లెక్కల బల్ల వద్ద అలవడిన ఆ నియమమే తరువాత వారి కళకు పునాది యైనది.

దర్శకులుగా వారి తొలి చిత్రము 1942-43 నాటి భక్తపోతన. చిత్తూరు నాగయ్యగారు పోతనగా నటించిరి. నాగలి పట్టిన కవి రాజాశ్రయమును కాదని, తన భాగవతమును శ్రీరామునికే అంకితము చేసిన కథ అది. ప్రజలు దానిని భక్తితో ఆదరించిరి. 1947లో మరల నాగయ్యగారితోనే యోగి వేమన తీసిరి. భోగియైన యువకుడు సమస్తమును విడిచి యోగియైన క్రమమును అందు నిదానముగ చూపిరి. విమర్శకులు మెచ్చిరి గాని ధనమునందు అది పోతనవలె రాణింపలేదు. ఇప్పటికిని కొందరు వృద్ధ రసికులు రెడ్డిగారి సర్వోత్తమ చిత్రము వేమనయే యని పట్టుపట్టుటకు కారణము కలదు. అందు మాయలు లేవు, మంత్రములు లేవు. ఒక మనిషి మారిన తీరు మాత్రమే కలదు.

1949లో వచ్చిన గుణసుందరి కథ వేరొక త్రోవ త్రొక్కినది. ముసలి రాజు తన మువ్వురు కుమార్తెల ప్రేమను మాటలతో తూచి, నిజము పలికిన చిన్న కూతురును అవిటివానికి కట్టబెట్టుట అందలి కథ. ఇంగ్లీషు మహాకవి షేక్స్పియరు రచించిన లియరు రాజు నాటకపు ఛాయ ఇందు స్పష్టముగ కానవచ్చును. అయినను చూచువారికి అది పరాయి కథ యని తోచదు. అవ్వ చెప్పిన కథవలె నుండును. ఈ చిత్రముతోనే పింగళి నాగేంద్రరావుగారు రెడ్డిగారికి మాటలు, పాటలు సమకూర్చు రచయితయైరి. ఆ జోడు తెలుగు చిత్రమునకు మహోపకారము చేసినది.

పిమ్మట నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థకై 1951లో పాతాళభైరవి తీసిరి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను చదివినవారికి ఆ లోకము క్రొత్తది కాదు. ఉజ్జయిని రాకుమారిని వలచిన తోటవాని కొడుకు, వానిని బలి యిచ్చి దేవిని వశపరచుకొనదలచిన నేపాళ మాంత్రికుడు, కోరిన కోరిక తీర్చు ప్రతిమ – ఇవియే అందలి సామగ్రి. తోటరాముడుగా నందమూరి తారకరామారావుగారు జనుల హృదయములలో స్థిరపడిరి. మాంత్రికుడుగా ఎస్. వి. రంగారావుగారు అంతకు మించి భయపెట్టిరి, అంతకు మించి నవ్వించిరి. 1952లో బొంబాయియందు భారతదేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము జరిగినప్పుడు ఈ చిత్రము అందు ప్రదర్శింపబడినది.

జానపదములు తీయువాడు జానపదములే తీయగలడను మాటకు 1954 నాటి పెద్దమనుషులు సమాధానము. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెను వ్రాసిన ఒక నాటకము దీనికి ప్రేరణ. డి. వి. నరసరాజుగారు రచన చేసిరి. ఊరిలో ధర్మాత్ముడని పేరుగొన్న మునిసిపల్ చైర్మను ధర్మారావు తెర వెనుక చేయు అక్రమములే ఇందలి వస్తువు. భక్తపోతనలో శ్రీనాథుడుగా నటించిన జంధ్యాల గౌరీనాథశాస్త్రిగారే ఈ ధర్మారావు. నిజము పలుకువాడు తిక్కశంకరయ్య యను పిచ్చివాడు. ఆ పాత్రను రేలంగిగారు ధరించిరి. కొసరాజు రాఘవయ్యచౌదరిగారి పాటలు పల్లెపల్లెకు ప్రాకినవి. ఉత్తమ తెలుగు చిత్రముగా దీనికి రాష్ట్రపతి రజత పతకము లభించినది. పంచాయతీలును, సహకార సంఘములును గల ప్రతి గ్రామమున ఈ చిత్రమునకు అర్థము కలదు. దానిని ఉత్తమమనువారి వాదము ఈ కారణముననే బలముగ నున్నది.

1955లో అన్నపూర్ణా సంస్థ తొలి చిత్రమగు దొంగరాముడును రెడ్డిగారే తీసిరి. రెండేండ్లకు, 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన, మాయాబజారు వెలువడినది. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతమున లేదు. జనుల నోటను, నాటకరంగమునను పెరిగినది. సురభి నాటక సమాజము వారు దానిని ఊరూర ఆడియుండిరి. 1936లోనే అది ఒకమారు చలనచిత్రమైనది. అట్టి అరిగిన కథను రెడ్డిగారు మరల చేపట్టి, పాండవుల కథయైనను పాండవులు తెరపై కనబడకుండ నడిపిరి. కృష్ణ పాత్రకు రామారావుగారు మొదట సంకోచించినను రెడ్డిగారు వారిని ఒప్పించిరి. తరువాత తెలుగువారికి కృష్ణుడనగా ఆ రూపమే యైనది. సాలూరు దగ్గరి శివరామపురమున జన్మించిన రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టగా, విజయనగరము సంగీత కళాశాలలో విద్య గడించిన ఘంటసాలగారు సంగీతమును పూర్తిచేసిరి. ఈ విధముగ మన కొండల పాదమున పుట్టిన గానమును ఆ చిత్రమున చేరినది.

రెడ్డిగారి పని తీరు వేరు. కథ సంపూర్ణముగ కాగితముపై నిలిచినగాని కెమెరా కదలుటకు వారు అంగీకరింపరు. ఏ సన్నివేశమునకు ఎన్ని నిమిషములు పట్టునో స్టాప్ వాచి చేతబట్టి ముందుగనే లెక్కించెడివారు. ఒకసారి నిశ్చయించిన మాటను చిత్రీకరణ స్థలమున మార్చుట వారికి సమ్మతము కాదు. ఈ నియమమును వారి వద్ద నేర్చిన శిష్యులలో సింగీతం శ్రీనివాసరావుగారు సుప్రసిద్ధులు. వారు 1987లో మాటలే లేని పుష్పకవిమానమును తీసి గురువుగారి శిక్షణకు కీర్తి తెచ్చిరి.

అయితే ఆ నియమమే విజయమునకు పూచీ కాజాలదని తరువాతి కాలము చూపినది. 1961లో జగదేకవీరుని కథయు, 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధమును ప్రజాదరణ పొందినవి. కాని 1965 నాటి సత్యహరిశ్చంద్రయు, 1968 నాటి ఉమాచండీగౌరీశంకరుల కథయు పరాజయము పొందినవి. దర్శకుడు అతడే, శ్రద్ధ అదియే, స్టాప్ వాచియు అదియే. ప్రేక్షకుని అభిరుచి మాత్రము మారినది. ఒకప్పుడు ఏ సంస్థయైనను కోరి పిలిచిన దర్శకునికి పనులు తగ్గినవి. ఆ దశయందు రామారావుగారు పూర్వ గౌరవమును మరువక తమ సంస్థలో శ్రీకృష్ణసత్య చిత్రమును వారికి అప్పగించిరి. 1971లో వెలువడిన ఆ చిత్రమే వారి చివరి కృతి. 1972వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, అరువదియేండ్ల వయస్సున, వారు కీర్తిశేషులైరి.

ఇక వాదమునకు వత్తము. మాయాబజారు పక్షము వారికి నేడు పెద్ద బలము కలదు. 2010లో దానికి రంగులు అద్ది మరల విడుదల చేయగా క్రొత్త తరము వారును చూచిరి. 2013లో భారతీయ చలనచిత్ర శతాబ్ది సందర్భమున ఒక జాతీయ దూరదర్శన వార్తాసంస్థ జరిపిన అభిప్రాయ సేకరణయందు అది దేశమునందలి సర్వోత్తమ చిత్రముగ ఎన్నికైనది. ఎదుటి పక్షమువారు ఊరకుండరు. మాటల మహిమ పింగళివారిది, వెన్నెల మహిమ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీగారిది, ఘటోత్కచుని గాంభీర్యము రంగారావుగారిది, మాయాశశిరేఖ హొయలు సావిత్రిగారివి. ఇందు దర్శకుని వాటా ఎంత యని వారి ప్రశ్న. పెద్దమనుషులలో అట్టి హంగులు లేవు గనుక దర్శకుని నేర్పు అందే తెలియునని వారి సిద్ధాంతము. ప్రశ్న తేలికది కాదు. కాని అందరి నేర్పును ఒక త్రాట గ్రుచ్చి, ఏ ఒక్కటియు మరియొక దానిని మ్రింగకుండ నిలుపుటయే దర్శకుని వాటా. ఆ మహానుభావులందరు ఇతరుల చిత్రములలోను పనిచేసిరి. వారందరి ప్రతిభ ఒకేచోట ఇంత సమముగ కుదిరిన సందర్భములు అరుదు.

కొండసీమ పాఠకునికి మాత్రము ఈ వాదమున వేరొక ప్రమాణము కూడ కావలెను. మాయాబజారులో అడవి యొక ప్రక్క, నగరము ఒక ప్రక్క కలవు. పాత పురాణముల పద్ధతిని అడవివారికి రాక్షసులని పేరు పెట్టుట ఈ చిత్రమునను కలదు. కోరలును, వింత వేషములును, మంత్రతంత్రములును కలవు. అడవులలో పుట్టి పెరిగిన జనులకు ఆ పేరు రుచింపకున్నచో ఆశ్చర్యము లేదు. దానిని దాచవలసిన పనియు లేదు. అయినను కథ నడిచిన తీరును చూడవలెను. రాజ్యము పోయినదని తెలియగానే ఇచ్చిన మాటను తప్పినది నగరము. సిరిగలవాని కొడుకునకు పిల్లనిచ్చుటకు తొందరపడినది నగరము. దిక్కులేక వచ్చిన సుభద్రకును, అభిమన్యునకును ఇల్లు చూపినది అడవి. పొరపాటున తమ్మునితో తలపడిన ఘటోత్కచుడు, సంగతి తెలియగానే పినతల్లి పాదములపై పడి క్షమ వేడును. తల్లి హిడింబ వారిని ఆదరించును. తుదకు సత్యపీఠముపై నిలిచి తన కుట్రను తానే బయటపెట్టువాడు నగరపు శకుని. ఎవరు నాగరికులు, ఎవరు కారు అను ప్రశ్నకు సమాధానమును రెడ్డిగారు ఉపన్యాసముగ చెప్పక, విందు భోజనముల నడుమ నవ్వించుచు చెప్పిరి.

ఈ దృష్టితో వెనుకకు తిరిగి చూచినచో వారి మేలి చిత్రములన్నియు ఒకే కుదుట మొలచినట్లు తోచును. పోతన పొలము దున్నువాడు. గుణసుందరి తండ్రిచేత త్రోసివేయబడిన పిల్ల. రాముడు తోటవాని బిడ్డ. శంకరయ్య ఊరివారు పిచ్చివాడన్న మనిషి. ఘటోత్కచుడు అడవి బిడ్డ. ప్రతి కథయందును పెద్ద పీటపై కూర్చున్నవాని గర్వము, క్రింద నిలిచినవాని నిజాయితీ ఎదుట వ్రాలిపోవును. కథ మారినది, వేషము మారినది, పక్షము మాత్రము మారలేదు. కనుక వాదించువారు వేర్వేరు చిత్రముల పేర్లు చెప్పినను, వారి మనస్సును తాకిన గుణము ఒక్కటియే కావచ్చును.

అయినను ఒక్కదానినే ఎన్నుకొమ్మన్నచో, కొండసీమవారు మాయాబజారును ఎన్నుకొనుట న్యాయము. దేశము దానికి పట్టము కట్టినదని కాదు. అందు అడవి యింటి ముంగిట నగరము అతిథిగా నిలిచినదని. తక్కిన పక్షముల వారు ఓడినట్లు కాదు. పోతన భాగవతమును, వేమన పద్యములను, కాశీమజిలీ కథలను చదివి, మరల ఆ చిత్రములను చూచి, తమ వాదమును బలపరచుకొనవచ్చును. ఒక దర్శకుని చిత్రములు మనుష్యులను పుస్తకముల వద్దకు మరల నడిపించినచో, ఆ వాదము ఎన్నటికిని తెగకుండుటయే మేలు.